ఏఐ ఏజెంట్ తప్పు టూల్‌ను ఎంచుకుంటోంది: టూల్ వివరణలో ఏమేమి రాయాలి?

యాసంగి (మిర్యాలగూడ) అడిగిన ప్రశ్న:

నమస్కారం. నల్గొండ జిల్లాలోని ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘానికి నేను ఆరు నెలలుగా సాఫ్ట్‌వేర్ పని చేసి పెడుతున్నాను. సంఘం కార్యాలయంలో ఇద్దరు గుమస్తాలు ఉన్నారు. రైతు ఫోన్ చేసి వడ్ల ధర అడిగినా, విత్తనాల బాకీ ఎంత ఉందని అడిగినా వాళ్లు నాలుగైదు ఎక్సెల్ షీట్లు తెరిచి వెతుక్కోవలసి వస్తోంది. ఆ శ్రమ తగ్గించాలని, తెలుగులో టైప్ చేసిన ప్రశ్నను అర్థం చేసుకుని, కావలసిన చోట తానే వెతికి జవాబు చెప్పే ఏజెంట్‌ను తయారు చేశాను. దానికి మొత్తం పదకొండు టూళ్లు, అంటే అవసరమైనప్పుడు అది పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాములు, ఇచ్చాను. ఒక్కొక్క టూల్‌ను విడిగా నడిపి చూస్తే అన్నీ సరిగ్గానే పని చేస్తున్నాయి. ఏజెంట్ చేతికి ఇచ్చిన తరువాతనే తప్పులు మొదలయ్యాయి.

మొదటి తప్పు ధరల దగ్గర జరిగింది. నా దగ్గర గెట్_ప్రైస్ అని ఒకటి, గెట్_రేట్ అని ఒకటి ఉన్నాయి. మొదటిది ప్రభుత్వ మద్దతు ధరను, రెండవది మార్కెట్ యార్డులో పలికిన ధరను ఇస్తుంది. మొదటి దాని వివరణలో "పంట ధరను ఇస్తుంది" అని, రెండవ దాని వివరణలో "పంట రేటును ఇస్తుంది" అని రాశాను. ఒక రైతు ఆ రోజు వడ్ల రేటు అడిగితే ఏజెంట్ తడుముకోకుండా 2,369 రూపాయలని చెప్పింది. అది 2025-26 సంవత్సరానికి సాధారణ రకం వడ్ల మద్దతు ధర. ఆ రోజు యార్డులో పలికిన ధర వేరు.

రెండవ తప్పు బత్తాయి దగ్గర జరిగింది. మన దగ్గర బత్తాయి ధరను టన్నుల లెక్కన చెప్పుకుంటాం. షీటులో 18,000 అని మాత్రమే ఉంది. ఏజెంట్ దానిని క్వింటాలు ధర అనుకుని, ముప్పై క్వింటాళ్ల కాయకు 5,40,000 రూపాయలు వస్తాయని లెక్క కట్టింది. రావలసింది 54,000. గుమస్తా అనుభవం ఉన్న మనిషి కనుక ఆ అంకెను రైతుకు చెప్పకుండా ఆపేశాడు.

మూడవది నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ఒక రైతు ఖాతా గురించి అడిగితే, ఆ పేరుతో రికార్డు దొరకక టూల్ ఖాళీ జాబితాను తిరిగి ఇచ్చింది. ఏజెంట్ మాత్రం "ఈ రైతుకు బాకీ ఏమీ లేదు" అని మర్యాదగా జవాబు రాసింది. ఆ రైతు పేరు రికార్డులో ఇంటి పేరుతో కలిపి ఉంది. బాకీ కూడా ఉంది. ఆయన ఆ మాట నమ్మి మరుసటి వారం సంఘానికి వచ్చి, లేదన్న బాకీ మళ్లీ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినప్పుడు గుమస్తాల దగ్గర జవాబు లేదు.

నాలుగవది: "ఎరువులు వచ్చాయని రైతులకు మెసేజ్ రాయి" అని గుమస్తా అడిగితే, రాసి చూపించవలసింది పోయి 43 మందికి పంపేసింది.

తప్పు జరిగిన ప్రతిసారీ సిస్టమ్ ప్రాంప్టులో, అంటే ఏజెంట్‌కు ముందుగా రాసిపెట్టే సూచనల్లో, ఒక నియమం చేరుస్తూ వచ్చాను. ఇప్పుడది రెండు పేజీలు దాటింది. ఒక నియమం చేరిస్తే మరొక చోట కొత్త తప్పు బయటపడుతోంది. అసలు లోపం టూల్ వివరణల్లోనే ఉందేమోనని నా అనుమానం. వివరణలో ఏమేమి ఉండాలి, ఎంత పొడవు ఉండాలి, తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

తంగేడు (జడ్చర్ల) జవాబు:

యాసంగి గారూ, మీ అనుమానం సరైనదే. ముందుగా, మోడల్‌కు, అంటే మీ ఏజెంట్ లోపల ఉండి ప్రశ్నను చదివి జవాబు రాసే ఏఐకి, మీ టూల్‌లో ఏం కనిపిస్తుందో ఒకసారి దాని వైపు నుంచి చూడండి. మీరు రాసిన కోడ్ దానికి కనిపించదు. మీ ఎక్సెల్ షీటు కనిపించదు. గెట్_ప్రైస్ లోపల మద్దతు ధరల పట్టిక ఉందన్న సంగతి మీకు తెలుసు, నాకు ఇప్పుడు తెలిసింది, మోడల్‌కు మాత్రం తెలియదు. దానికి అందేవి మూడే: టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్‌లుగా ఏమేమి ఇవ్వాలో చెప్పే పట్టిక వంటి జేసన్ స్కీమా. 2023 జూన్‌లో ఓపెన్ఏఐ ఫంక్షన్ కాలింగ్‌ను (మోడల్ టూళ్లను పిలిచే వీలును) తెచ్చినప్పుడూ పద్ధతి ఇదే, 2024 నవంబరులో ఆంత్రోపిక్ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ (మోడళ్లకు టూళ్లను కలిపే ఉమ్మడి ఏర్పాటులోనూ) పద్ధతి ఇదే. మోడల్ ఆ మూడింటినీ చదివి, ఏ టూల్‌ను ఏ విలువలతో పిలవాలో రాసి ఇస్తుంది. దానిని నడిపి ఫలితాన్ని తిరిగి చేతికిచ్చేది మన ప్రోగ్రాము. అందువల్ల ధర, రేటు అనే రెండు మాటల మధ్య తేడా చెప్పమని మోడల్‌ను అడగడం అన్యాయం. మన మాటల్లో ఆ రెండూ ఒకటే కదా.

ఈ విషయంలో నేను పాటించే పరీక్ష ఒకటి ఉంది. పేర్లూ వివరణలూ మాత్రమే ఒక కాగితం మీద అచ్చువేసి, కోడ్ గురించి ఏమీ తెలియని మనిషికి ఇస్తాను. రైతులు నిజంగా అడిగిన పది ప్రశ్నలు చదివి, ఒక్కొక్క దానికి ఏ టూల్ వాడతారో వేలు పెట్టి చూపమంటాను. ఆ మనిషి వేలు రెండు టూళ్ల మధ్య ఎక్కడ ఆగితే మోడల్ కూడా సరిగ్గా అక్కడే తడబడుతుంది. మీ ఇద్దరు గుమస్తాలే ఈ పరీక్షకు తగినవారు.

మీ మార్కెట్ ధర టూల్‌ను నేను రాయవలసి వస్తే ఇలా రాస్తాను:

"మార్కెట్_ధర_చూడు: వ్యవసాయ మార్కెట్ యార్డులో ఒక పంటకు ఒక రోజున పలికిన కనిష్ఠ, గరిష్ఠ ధరలను, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధరను ఇస్తుంది. ఈ రోజు రేటెంత, నిన్న ఎంత పలికింది, ఎంతకు పోతోంది అని అడిగినప్పుడు దీనిని వాడాలి. ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర దీనిలో దొరకదు, దాని కోసం మద్దతు_ధర_చూడు అనే టూల్ ఉంది. రైతు ఏ ధర అడుగుతున్నాడో స్పష్టంగా లేకపోతే రెండూ తెచ్చి, ఏది ఏదో పేరు పెట్టి చెప్పాలి. ధరలు సాయంత్రం నమోదవుతాయి కనుక మధ్యాహ్నం అడిగితే ఆ రోజు ధర ఉండదు. అప్పుడు చివరగా నమోదైన రోజు ధరను ఆ తేదీతో సహా ఇస్తుంది. ఆ తేదీని జవాబులో తప్పక చెప్పాలి. ప్రతి ధర పక్కన క్వింటాలుకా టన్నుకా అన్నది ఉంటుంది. ఈ టూల్ రాబోయే రోజుల ధరలను ఊహించి చెప్పదు."

ఇది పొడవుగా ఉందనిపించవచ్చు. నేను ఏ వాక్యాన్నీ తీసివేయను. మొదటి వాక్యం పని చెబుతుంది, రెండవది రైతు నోటి మాటలను చెబుతుంది, మూడవది పక్క టూల్‌కు దారి చూపుతుంది. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఆ మూడవ వాక్యమే. ఏ టూల్‌ను ఎప్పుడు వాడకూడదో రాయడానికి మనకు చేయి రాదు, ఎందుకంటే రాసేటప్పుడు మన మనసులో ఆ ఒక్క టూలే ఉంటుంది. మోడల్ ముందు మాత్రం పదకొండూ ఒకేసారి పరచి ఉంటాయి. వివరణను మిగతా పదింటి పక్కన పెట్టి చదివితేనే దానిలో ఏది కొరవడిందో తెలుస్తుంది.

రెండు టూళ్లను ఎంత ప్రయత్నించినా వేరు చేసి వర్ణించలేకపోతే లోపం వర్ణనలో లేదని, ఆ రెండూ ఒకే టూల్‌గా ఉండవలసినవని గ్రహించాలి. మీ ధరల టూళ్లు అటువంటివి కావు, వాటి మధ్య నిజమైన తేడా ఉంది. అయితే పదకొండింటిలో అటువంటి జంట మరొకటి ఉందేమో చూడండి.

సిస్టమ్ ప్రాంప్టులోని రెండు పేజీల సంగతికి వస్తే, ఒక టూల్‌కు మాత్రమే సంబంధించిన ప్రతి నియమాన్నీ అక్కడి నుంచి తీసి ఆ టూల్ వివరణలోకి మార్చండి. సంఘం పేరు, మాట్లాడే తీరు, ఏ విషయాలకు జవాబు చెప్పకూడదు అన్నటువంటివి అక్కడే ఉండవచ్చు.

యాసంగి:

తంగేడు గారికి కృతజ్ఞతలు. కాగితం పరీక్షను ఈ రోజే చేశాను. ఇద్దరు గుమస్తాలూ ధరల దగ్గరే కాక, స్టాక్_చెక్, ఇన్వెంటరీ_లిస్ట్ అనే రెండు టూళ్ల దగ్గర కూడా ఆగిపోయారు. ఆ రెండింటినీ వేర్వేరు నెలల్లో రాసి, రెండవది రాసేటప్పుడు మొదటిది ఉందన్న సంగతే మరిచిపోయానని ఇప్పుడు తెలిసింది. వాటిని కలిపివేస్తున్నాను. కొలమానాల విషయంలో మాత్రం ఇంకా సందేహం ఉంది. ధర పక్కన టన్ను, క్వింటాలు అని రాస్తే సరిపోతుందా, లేక రైతు వైపు నుంచి వచ్చే అంకెల్లోనూ ఇటువంటి చిక్కులు ఉంటాయా?

తక్‌పట్టీ (నల్గొండ) జవాబు:

తమ్ముడూ, నాకు ప్రోగ్రామింగ్ రాదు. మార్కెట్ యార్డులో అడ్తి దుకాణాల లెక్కలు ఇరవై ఎనిమిదేళ్లు రాశాను. నీ ప్రశ్న చదివితే, మా దుకాణంలో సీజను మధ్యలో చేరిన కొత్త గుమస్తాలు చేసిన తప్పులన్నీ గుర్తుకు వచ్చాయి. వాళ్లకు లెక్క రాక తప్పు చేసేవారు కాదు. మేము మాకు తెలిసినది వాళ్లకూ తెలుసనుకుని చెప్పకపోవడం వల్ల తప్పు చేసేవారు. ఆ గుమస్తా ఒకసారి తప్పు చేస్తే రెండవ రోజు అడిగి తెలుసుకునేవాడు. నీ ఏజెంట్ నిన్న జరిగినది ఈ రోజు గుర్తు పెట్టుకోదని మా అబ్బాయి చెప్పాడు. అదే నిజమైతే దానికి ప్రతి రోజూ మొదటి రోజే. చెప్పవలసినదంతా ముందే రాసి పెట్టవలసి ఉంటుంది.

రైతు వైపు నుంచి వచ్చే అంకెల్లో నీవు మొదట చూడవలసినది భూమి విస్తీర్ణం. రెండెకరాల ఇరవై గుంటలను మనం 2.20 అని రాస్తాం. ఎకరానికి నలభై గుంటలు కనుక అది రెండున్నర ఎకరాలు. చుక్కను దశాంశ బిందువు అనుకుంటే అది రెండెకరాల ఎనిమిది గుంటలే అవుతుంది. విత్తనాలకూ ఎరువులకూ ఎకరాల లెక్కన ఇచ్చే చోట, ఆ పన్నెండు గుంటలు రైతుకు తక్కువ పడతాయి. నీ టూల్‌లో విస్తీర్ణం అని ఒకే గడి ఉంటే దానిని ఎకరాలు, గుంటలు అని రెండు గడులు చేయి. గుంటల గడిలో 39కి మించిన అంకె రాకూడదని రాయి.

రెండవది బస్తా. రైతు "యాభై బస్తాలు అయినయి" అంటాడు. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోల లెక్క. బియ్యం బస్తా అంటే 25 కిలోలదీ ఉంటుంది, 50 కిలోలదీ ఉంటుంది. పల్లికాయ బస్తా తూకం వేస్తే గాని చెప్పలేం. కనుక బస్తాల అంకెను కిలోలుగా మార్చే పని ఏజెంట్ ఊహకు వదలవద్దు. తూకం ఎంత అని రైతును అడగమని రాసి పెట్టు.

మూడవది నీ పేరులోనే ఉంది. యాసంగి వరి కోతలు ఏప్రిల్, మే నెలల్లో జరుగుతాయి; నాట్లు మాత్రం అంతకు ముందు డిసెంబరు, జనవరిలో పడతాయి. రైతు "ఇరవై అయిదు యాసంగి" అంటే ప్రభుత్వ కాగితాల్లో అది 2024-25 యాసంగి. మద్దతు ధర లెక్క అక్టోబరు నుంచి సెప్టెంబరు వరకు నడుస్తుంది. అందుకే 2025 మే నెలలో అమ్మిన సాధారణ రకం వడ్లకు 2,300, అదే సంవత్సరం నవంబరులో అమ్మిన వడ్లకు 2,369. సంవత్సరం ఒక్కటే అడిగి ధర చెప్పే టూల్ సగం మందికి తప్పు చెబుతుంది. సీజనుతో పాటు అమ్మిన నెల కూడా అడగాలి.

పంటల పేర్ల సంగతి నీకు తెలిసే ఉంటుంది. కాగితం మీద వేరుశనగ, మన నోట పల్లి. కాగితం మీద మొక్కజొన్న, మన నోట మక్కలు. కాగితం మీద ధాన్యం, మన నోట వడ్లు. దానిలోనూ సన్నవి, దొడ్డువి వేరు. ఇక జిల్లాల విషయం. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినా, కోదాడ వైపు పెద్ద మనుషులు ఇప్పటికీ మాది నల్గొండ జిల్లా అంటారు. రికార్డులో వాళ్లది సూర్యాపేట. పాలమూరు వైపు ఇంకా చిక్కు, ఆ ఒక్క జిల్లా నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అంటూ విడిపోయిన తరువాత 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. రైతు చెప్పిన జిల్లా పేరుతో వెతికి దొరకలేదని నీ ఏజెంట్ చేతులెత్తేస్తే, ఆ రైతు తన ఊరు ఏ జిల్లాలో ఉందో మళ్లీ నేర్చుకుని రావాలా? మండలం, ఊరు అడిగితే చాలు.

మూసీ_ఒడ్డు (సూర్యాపేట) జవాబు:

పైన తక్‌పట్టీ గారు రాసినవి ఏ సాఫ్ట్‌వేర్ పుస్తకంలోనూ దొరకవు. యాసంగి గారూ, వాటిని టూల్ మొదట్లోని వివరణలో కుప్పగా పోయకుండా, ఆయా ఇన్‌పుట్‌ల దగ్గర విడివిడిగా రాయండి. జేసన్ స్కీమాలో ప్రతి ఇన్‌పుట్‌కూ వేరే వివరణ రాసుకునే వీలు ఉంది. చాలామంది దానిని ఖాళీగా వదిలేస్తారు, లేదా పంట అనే ఇన్‌పుట్‌కు "పంట పేరు" అని రాసి ఊరుకుంటారు. అక్కడ ఇలా రాయవచ్చు: "జాబితాలోని కోడ్‌లలో ఒకటి. పల్లి, పల్లికాయ, వేరుశనగ మూడింటికీ ఒకే కోడ్. వడ్లు అని మాత్రమే చెప్పి సన్నవో దొడ్డువో చెప్పకపోతే రైతును అడగాలి, ఊహించకూడదు." విలువలు లెక్కపెట్టగలిగినన్నే అయితే వాటిని ఈనమ్ జాబితాగా, అంటే వీటిలో ఒకటే ఎంచుకోవాలన్న జాబితాగా, స్కీమాలోనే పెట్టండి.

ఒక విషయంలో మాత్రం తంగేడు గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. కోడ్ ఆపగలిగిన తప్పును వివరణతో ఆపాలని చూడకూడదు. గుంటలు 39 దాటకూడదని వివరణలో రాయడం మంచిదే. దాటితే తీసుకోకుండా తిప్పి పంపడం కోడ్ చేయవలసిన పని. మోడల్ వివరణను సాధారణంగా పాటిస్తుంది, ప్రతిసారీ పాటిస్తుందన్న హామీ లేదు. రైతు డబ్బు ఉన్న చోట సాధారణంగా అన్న మాట సరిపోదు.

మీ 43 మెసేజ్‌ల సంగతి అటువంటిదే. సెండ్_మెసేజ్ ఒక్కటే ఉంటే, రాయమన్నా పంపమన్నా మోడల్‌కు ఉన్న దారి అదొక్కటే. దానిని రెండుగా విడదీయండి: మెసేజ్_చిత్తు_రాయి, మెసేజ్_పంపు. మొదటిది ఎవరికీ ఏమీ పంపదని దాని వివరణలోనే రాయండి. రెండవది చిత్తు నంబరు లేకుండా పని చేయకూడదు, గుమస్తా తెర మీద బటన్ నొక్కే వరకు కోడ్ దానిని ఆపి ఉంచాలి. ఆ అనుమతి మనిషి నుంచి నేరుగా ప్రోగ్రాముకు చేరాలి. "గుమస్తా ఒప్పుకున్నాడు" అని మోడల్ నింపే గడి పెడితే, ఏదో ఒక రోజు అది తానే అవును అని నింపుతుంది. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో రీడ్‌ఓన్లీ హింట్, డిస్ట్రక్టివ్ హింట్ అనే గుర్తులు ఉన్నాయి, టూల్ చదివేదా మార్చేదా అన్నది వాటితో తెలపవచ్చు. పేరులోనే ఉన్నట్టు అవి సూచనలు మాత్రమే, తాళాలు కావు.

ఇక ఖాళీ జాబితా. నన్ను అడిగితే మీ నాలుగు తప్పుల్లో మొట్టమొదట సరిచేయవలసినది ఇదే. టూల్ తిరిగి ఇచ్చే జవాబు కూడా వివరణలో భాగమే. మోడల్ దానిని కూడా మాటలుగానే చదువుతుంది. రెండు ఖాళీ బ్రాకెట్లను చూసినప్పుడు, రైతు లేడా, రైతు ఉండి బాకీ లేదా, సర్వరు పని చేయలేదా అన్నది దానికి తెలిసే దారి లేదు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు రాయండి. ఉదాహరణకు: "ఈ పేరుతో రైతు రికార్డు దొరకలేదు. దీనికి బాకీ లేదని అర్థం కాదు. ఇంటి పేరు గాని, పట్టాదారు పాస్‌బుక్ నంబరు గాని అడిగి మళ్లీ వెతకండి." తప్పు జరిగిన క్షణంలోనే ఈ మాట మోడల్ కళ్ల ముందుకు వస్తుంది కనుక, ముందెప్పుడో వివరణలో రాసిన దానికన్నా ఎక్కువ పని చేస్తుంది. ఎర్రర్ 404 అని ఇస్తే అది ఏం చేయగలదు?

పొడవు గురించి అడిగారు. పదకొండు టూళ్ల వివరణలూ ప్రతి అభ్యర్థనతో పాటు మోడల్‌కు వెళతాయి కనుక ఖర్చు ఉన్న మాట నిజం. అయినా ఒక్కొక్క దానికి ఏడెనిమిది వాక్యాలు ఉండటం వల్ల మునిగిపోయేదేమీ లేదు. రైతు ఖాతా అడిగితే అరవై కాలమ్‌లున్న వరుసను మొత్తంగా తిరిగి ఇచ్చే టూల్ అంతకన్నా ఎక్కువ తింటుంది. అక్కడ కోసేయండి: పేరు, ఊరు, బాకీ, చివరి చెల్లింపు తేదీ చాలు. మిగతావి మోడల్‌కు ఇస్తే వాటిలో నుంచి తప్పు గడిని తీసుకునే అవకాశమూ పెరుగుతుంది.

భాష విషయంలో, ఎక్కువ మోడళ్లలో తెలుగు లిపికి ఇంగ్లీషు కన్నా ఎక్కువ టోకెన్లు (మోడల్ వచనాన్ని విడగొట్టి చదివే ముక్కలు, ఖర్చు లెక్క వీటి మీదే) పడతాయి. నేను వాక్యాలను ఇంగ్లీషులో రాసి, రైతులు వాడే మాటలను మాత్రం తెలుగు లిపిలోనే ఉంచుతాను. పల్లిని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఊరి పేరు చివర వచ్చే పల్లిగా చదివిన సందర్భాలు నేను చూశాను. అయితే ఆ వివరణలను రేపు సరిదిద్దవలసింది మీ గుమస్తాలే అయితే, టోకెన్ల ఖర్చు భరించి పూర్తిగా తెలుగులోనే రాయండి. తక్‌పట్టీ గారి వంటివారు చదివి తప్పు పట్టగలగడం ఆ ఖర్చుకన్నా విలువైనది.

చివరిగా, గుమస్తాల ఫోన్ డైరీ నుంచి ఒక నలభై నిజమైన ప్రశ్నలు తీసి, ఒక్కొక్క దానికి ఏ టూల్‌ను ఏ విలువలతో పిలవాలో పక్కన రాసుకోండి. ఏ ఒక్క వివరణలో ఒక మాట మార్చినా నలభైనీ మళ్లీ నడపండి. మార్కెట్ ధర వివరణను మెరుగుపరిస్తే, అప్పటివరకు సరిగ్గా ఉన్న మద్దతు ధర ప్రశ్నలు కూడా ఇటువైపు లాగబడవచ్చు. తప్పిన ప్రశ్న దగ్గర మోడల్ ఏం పిలిచిందో, ఏం అందుకుందో వరుసగా చదవండి. ఆ చదువులోనే తరువాత మార్చవలసిన వాక్యం దొరుకుతుంది.

యాసంగి:

ముగ్గురికీ మనస్ఫూర్తిగా నమస్కారాలు. పన్నెండు రోజుల తరువాత మళ్లీ రాస్తున్నాను. టూళ్లు పదకొండే ఉన్నాయి: స్టాకు టూళ్లు రెండూ కలిసి ఒకటయ్యాయి, మెసేజ్ టూల్ ఒకటి రెండయింది. సిస్టమ్ ప్రాంప్టు అరపేజీకి తగ్గింది. వివరణలన్నీ తెలుగులోనే రాసి, అచ్చువేసి గుమస్తాలకు ఇచ్చాను. వాళ్లు మొదటి రోజే రెండు తప్పులు పట్టారు. దానిలో ఒకటి, తేమ 17 శాతం దాటిన వడ్లను కొనుగోలు కేంద్రంలో తీసుకోరన్న సంగతిని నేను మద్దతు ధర టూల్‌లో రాయకపోవడం. మద్దతు ధర అడిగిన రైతుకు ఆ మాట కూడా చెప్పకపోతే అతడు ఆరబెట్టకుండానే వడ్లు తెచ్చి కేంద్రం దగ్గర రోజుల తరబడి కూర్చోవలసి వస్తుందని వాళ్లు చెప్పారు.

నలభై ప్రశ్నల్లో మొదటిసారి నడిపినప్పుడు ఇరవై ఆరు సరిగ్గా వచ్చాయి. ఇప్పుడు ముప్పై ఎనిమిది వస్తున్నాయి. మిగిలిన రెండూ ఒకే రకానివి. ఒకే ఊరిలో ఒకే పేరు, ఒకే ఇంటి పేరు ఉన్న రైతులు ఇద్దరు ఉన్నప్పుడు, టూల్ ఇద్దరి రికార్డులనూ ఇస్తోంది, ఏజెంట్ మాత్రం మొదటి దానిని తీసుకుని జవాబు చెబుతోంది. "ఒకరికన్నా ఎక్కువ మంది ఉంటే అడగాలి" అని వివరణలో రాసినా ఒకసారి అడుగుతోంది, ఒకసారి అడగడం లేదు.

మూసీ_ఒడ్డు:

ఇద్దరు దొరికినప్పుడు బాకీ అంకెలను అసలు ఇవ్వకండి. తండ్రి పేరు, ఖాతా నంబరు మాత్రమే ఇచ్చి, "ఈ ఇద్దరిలో ఎవరో రైతును అడిగి, ఆ ఖాతా నంబరుతో మళ్లీ పిలవండి" అని తిరిగి ఇవ్వండి. చెప్పడానికి అంకె చేతిలో లేనప్పుడు అది అడగక తప్పదు.

తక్‌పట్టీ:

తండ్రి పేరు కూడా ఒకటే అయిన వాళ్లు మా ఖాతా పుస్తకంలోనే మూడు జంటలు ఉండేవారు, తమ్ముడూ. పాస్‌బుక్ నంబరు అడగమని రాయి.

యాసంగి:

ఈ సాయంత్రమే రెండూ మారుస్తాను, అన్నా. పాస్‌బుక్ నంబరు నమోదు కాని రైతులు మా షీటులో ఇంకా ఉన్నారు. ముందుగా గుమస్తాలతో కూర్చుని ఆ గడులు నింపిస్తాను.